కందనకాయలో ఎర్ర రాళ్ళు

టర్కీ కోడిని చంపడం తేలిక. ఆ తర్వాత ఉండే పనే మనిషిని చంపుతుంది.

బుధవారం పొద్దున ఏడింటికి పుంజును కొట్టంలో దూలానికి తలకిందులుగా వేలాడదీశాను. ముందు రోజు సాయంత్రం నుంచి దానికి మేత లేదు. మెడ కింది సంచి ఖాళీగా ఉంటేనే మాంసం శుభ్రంగా ఉంటుంది. సన్నని కత్తిని నోట్లోంచి పోనిచ్చి ఒక కోత, వెంటనే పైకి ఒక పోటు. ఆ పోటు సరిగ్గా తగిలితే ఈకలు వదులవుతాయి. తగలకపోతే ఆ రోజంతా ఏడుపే.

సరిగ్గానే తగిలింది. పాతికేళ్ళుగా పొడుస్తున్నాను మరి.

వేడినీళ్ళలో ముంచితే ఈకలు పదినిమిషాల్లో వస్తాయి, కాని చర్మం చీలుతుంది. మా అత్తగారు ఒప్పుకునేది కాదు. ఆవిడ పోయి పదేళ్ళయినా నేను పొడిగానే పీకుతున్నాను. ఒళ్ళు చల్లారేలోపు పెద్ద ఈకలు పీకాలి. ఆ తర్వాత రొమ్ము, తొడలు. చివరికి మిగిలే ముళ్ళ ఈకలను కత్తి అంచుకూ బొటనవేలికీ మధ్య పట్టి ఒక్కొక్కటే లాగాలి. రెండు గంటలకు వేళ్ళు కొంకర్లు పోతాయి.

మా తమ్ముడు లైమన్ పాల చెంబు పక్కన పెట్టి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఓ రెక్క అందుకున్నాడు.

"అక్కా, ఈ ఏడాది ఉప్పు పంది మాంసం పెడితే ఏమవుతుంది?"

"మీ బావ తమ్ముళ్ళు ఊరంతా చెప్పుకుంటారు."

"చెప్పుకోనీ. నా గురించి అంతకంటే ఘోరమైనవే చెప్పుకున్నారు. నాకేమైంది? కాస్త సన్నబడ్డాను, అంతే."

నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఏప్రిల్ నుంచి ఉంది. ఏప్రిల్లోనే వాడు జైలు నుంచి వచ్చాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు తనది కాని గుర్రాన్ని అమ్మేశాడు. తప్పే. రెండేళ్ళు లోపల ఉన్నాడు. పోయినప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కట్టెలు కొట్టగలిగేవాడు. ఇప్పుడు పది దెబ్బలు వేసి, గొడ్డలి మీద ఆనుకుని నిలబడతాడు. డాక్టరు నన్ను వసారాలోకి పిలిచి, "ఇంకో చలికాలం ఆ రాతిగోడల మధ్య ఉంటే బతకడు" అన్నాడు. ఆ మాట వాడికి చెప్పలేదు. వాడికి తెలుసు.

నా భర్త పోయి ఆరేళ్ళు. కొండమీద ఈ ఇల్లు, రెండు ఆవులు, నేను, వాడు. నవంబరు చివరి గురువారం, కృతజ్ఞతల పండుగకు, నా మరుదులు పెళ్ళాం పిల్లలతో తొమ్మిదిమంది దిగుతారు. తాము పుట్టిన ఇంట్లో తినాలట. చేత్తో ఒక్క రొట్టె కూడా తీసుకురారు.

ఈకలు అయ్యాక గోధుమరంగు కాగితం వెలిగించి, పుంజును మంటమీద తిప్పుతూ నూగు కాల్చాను. తల, కాళ్ళు కోసి, కొక్కేనికి తగిలించి తూచాను. ఇరవై అయిదు పౌన్లు. ఇరవై రెండు ఉంటుందనుకున్నాను. ఈ ఏడు మిడతలు బాగా దొరికాయి కాబోలు అనుకుని దాన్ని వంటింటి బల్లమీదికి తెచ్చాను.

అప్పుడే తలుపు చప్పుడైంది.

బయట ఇద్దరు. ఒకడు ఓరిన్ కింబల్, మా రాతిగోడకు అవతలి పొలం వాడు. రెండోవాడు మా ఊరి కానిస్టేబులు ఆల్వా. వాడు నాతో పాటు బడిలో చదివాడు. నా కళ్ళలోకి చూడకుండా బూట్ల మంచు దులుపుకుంటున్నాడు.

"లవీనా, లోపలికి రావచ్చా?" అన్నాడు.

"ఎప్పుడడిగి వచ్చావు?"

ఓరిన్ అప్పటికే లోపలికి వచ్చేశాడు. బల్లమీది పుంజును చూశాడు. వేలితో రొమ్ము నొక్కాడు.

"ఎంత తూగింది?"

"ఇరవై అయిదు. నీకెందుకు?"

"విన్నావా ఆల్వా!" అని బల్లమీద గుద్దాడు. "ఇదే నాది!"

విషయం ఇది. ఓరిన్ ఎండాకాలం నుంచీ తన పెద్ద పుంజు గురించి దుకాణంలో కోతలు కోస్తున్నాడు. పాతిక పౌన్లకు తగ్గదని పందెం కూడా కాశాడు. ఆ పొద్దున వాళ్ళావిడ జిల్ఫా కోసిన పుంజు తూచితే ఇరవై రెండే. అంటే అది పెద్దది కాదు. మరి పెద్దది ఏమైంది? మంగళవారం సాయంత్రం మసక వెలుతురులో లైమన్ ఓ పెద్ద పుంజును కాళ్ళు పట్టుకుని రోడ్డు దాటించడం మిల్లులో పనిచేసే మనిషి చూశాడట.

"మోశాను," అన్నాడు లైమన్. "అక్క పట్టింది, నేను మోశాను. మా పుంజే."

"మీ పుంజుకు ఎర్రగుడ్డ కడతారు కదా? ఏదీ గుడ్డ?"

గుడ్డ లేదు. మా కొండమీద టర్కీ కోళ్ళు దొడ్లో ఉండవు. అడవంతా తిరిగి, చీకటి పడితే రాతిగోడ పక్క చెట్లెక్కుతాయి. రెండు పొలాల పక్షులూ ఒకే కొమ్మమీద నిద్రపోతాయి. నావి మూడే, కాలికి ఎర్రగుడ్డ కడతాను. ఓరిన్‌వి ఎన్నో వాడికీ తెలియదు. వాటిలో నక్కకూ వాటా ఉంది. మంగళవారం సాయంత్రం మంచు పడుతుండగా చెట్టుకింద నిలబడి అందిన పుంజును లాగాను. గుడ్డ లేదు. ఊడిపోయి ఉంటుందనుకున్నాను. ఏటా ఊడుతూనే ఉంటుంది.

"ఓరిన్, గుడ్డ సంగతి వదిలెయ్," అన్నాను. "ఈ పుంజు ఎవరిదో దీని కందనకాయే చెబుతుంది."

ఆల్వా తలెత్తాడు. "ఎలా?"

"మా కొట్టం దగ్గర గులకరాళ్ళు లేవు. అందుకే కందనకాయలో మేత నలగడానికి పగిలిన పళ్ళాలు సుత్తితో నూరి కోళ్ళకు వేస్తాను. నీలం అంచు పళ్ళాలు. నా కోడి కందనకాయలో నీలం పెంకులు లేకుండా ఉండవు. ఓరిన్ కోళ్ళు వాగులో ఎర్ర రాళ్ళు ఏరుకుంటాయి. కోస్తాను, చూడండి."

ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

కడుపు కింద అడ్డంగా గాటు పెట్టి చెయ్యి దూర్చాను. ఈ పని తొందరలో చెయ్యకూడదు. వేళ్ళు ఎముకను ఆనుకుని పైదాకా వెళ్ళాలి, అన్నిటినీ ఒకేసారి లాగాలి, కార్జానికి అంటుకున్న చేదు తిత్తి చిట్లకూడదు. చిట్లితే పుంజంతా విషమే. ముగ్గురూ బల్లమీదికి వంగి చూస్తున్నారు. పేగులు, గుండె, కార్జం పళ్ళెంలోకి జారాయి. కందనకాయను విడదీసి, కడిగి, నిలువునా కోసి రెండు చెక్కలుగా విప్పాను.

ఎర్ర రాళ్ళు.

వేలితో కెలికాను. మళ్ళీ కెలికాను. గోధుమ పొట్టు, మిడత కాళ్ళు, చిన్న చిన్న ఎర్ర రాళ్ళు. నీలం పెంకు ఒక్కటీ లేదు.

ఓరిన్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "నువ్వే కోశావు, లవీనా," అన్నాడు.

"తప్పు నాదే," అన్నాను. "చీకట్లో నేనే పట్టాను. వాడు మోశాడంతే. ఓరిన్, నీ పుంజు నా దగ్గరుందంటే నా పుంజు నీ ఇంట్లో ఉంది. జిల్ఫా కోసింది నాదే!"

"మా ఆవిడ మా గోడమీద నుంచి పట్టింది, మా కోడిని. నీ కోడిని నీ తమ్ముడు ఎక్కడ అమ్ముకున్నాడో, దాని బదులు నాది ఎందుకు తెచ్చాడో వాడినే అడుగు. గుర్రం అమ్మిన చెయ్యి కోడిని అమ్మదా?"

ఆల్వా టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు. "జిల్ఫాను దారిలో అడుగుతాను లవీనా. కాని ఫిర్యాదు వచ్చాక నేను తీసుకెళ్ళాలి. మన ఊళ్ళో లాకప్పు లేదు. ఈ రాత్రికి మా ఇంట్లో పడుకుంటాడు. రేపు రెండు గంటల రైలుబండికి కోర్టు ఊరికి తీసుకెళ్తాను. భోజనం పెట్టే తీసుకెళ్తాలే."

"రెండోసారి అయితే జడ్జి ఎన్నేళ్ళు వేస్తాడు?"

ఆల్వా అటు తిరిగాడు. పుంజును గోనెలో వేస్తున్న ఓరిన్‌తో, "సాక్ష్యం నా దగ్గర ఉండాలి" అన్నాడు.

"రేపటికి పదహారుమందిని పిలిచాను."

"సరే, ఓ రెక్క దాచిపెట్టు. జడ్జికి చూపిద్దాం."

లైమన్ కోటు తొడుక్కుని నా దగ్గరికొచ్చాడు. "ఫర్వాలేదక్కా. నిజం చూపిద్దామనే కదా కోశావు." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఎర్రావుకు పొదుగు ఎడమవైపు గట్టిపడింది, మెల్లగా పితుకు" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఏడుద్దామనుకున్నాను. ఆవులు అరిచాయి. పాలు పితికాను, పేడ ఎత్తాను, వాడు కొట్టాల్సిన కట్టెలు కొట్టాను. బూట్లు విప్పుదామని కుర్చీలో కూర్చున్నాను. కళ్ళు తెరిచేసరికి తెల్లవారుజాము, ఒంటిమీద నెత్తురు ఆప్రనే. బూట్లు విప్పనే లేదు.

మళ్ళీ పాలు. మళ్ళీ పేడ. ఎనిమిదింటికి గోడ దూకి కింబల్ వాళ్ళ వంటింటి తలుపు తోశాను.

లోపల వేడికి ఊపిరి ఆడలేదు. జిల్ఫా నా వైపు చూసింది. ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపడే ఓపిక ఆ మొహంలో లేదు. నాకంటే రెండేళ్ళు చిన్నది, ఆ పొద్దున మా అమ్మలా ఉంది.

"తలుపు వెయ్. ఈ దారం కొస పట్టుకో," అంది.

ఆవిడ రెండు పుంజులు వండుతోంది. ఒకటి నాలుగున్నర నుంచి ఇనప పొయ్యి ఓవెన్‌లో ఉంది. అది ఇరవై రెండు పౌన్లది, నాది. ఓవెన్‌లో రెండోదానికి చోటు లేదు. అందుకని ఓరిన్ అటక మీద నుంచి వాళ్ళ నాన్నమ్మ కాలంనాటి తగరపు పెట్టె దించాడు. ఒకవైపు తెరిచి ఉంటుంది, మధ్యలో ఇనపచువ్వ. దాన్ని నిప్పు గూటి ముందు పెట్టి, మంట వేడి తగరానికి తగిలి తిరిగి పుంజు మీద పడేలా కాలుస్తారు. పావుగంటకోసారి చువ్వ తిప్పాలి. రెండు నిప్పులు, రెండు పుంజులు, ఒక మనిషి.

"ఎప్పటి నుంచి లేచి ఉన్నావు?"

"నిన్నటి నుంచి."

పెద్ద పుంజు కడుపులో ఆవిడ ఎండు రొట్టె, ఉల్లి, వాసనకు సేజ్ ఆకు, ఉప్పు పంది కొవ్వు కలిపి కూరింది. నేను చర్మం రెండంచులూ దగ్గరికి పట్టాను, ఆవిడ కుట్టింది. కళ్ళు మూతలు పడుతుంటే సూది రెండుసార్లు నా వేలికి గుచ్చుకుంది. ఇద్దరం కలిసి చువ్వకు ఎక్కించి, నిప్పు ముందు పెట్టాం. అడక్కుండానే నేను తిప్పడం మొదలుపెట్టాను. ఇద్దరు ఆడవాళ్ళు ఒక వంటింట్లో ఉంటే పని ఎవరు చేస్తారని అడగరు.

"నిన్నటి పుంజు కందనకాయ ఏది?" అన్నాను.

"గ్రేవీకి ఉడుకుతోంది."

"దాంట్లో ఏముంది?"

ఆవిడ ఓవెన్ తలుపు తీసింది. చెయ్యి లోపల పెట్టి మనసులో అంకెలు లెక్కపెట్టి తీసేసింది. వేడి సరిపోయింది. గరిటెతో నెయ్యిలాంటి కొవ్వు తీసి రొమ్ముమీద పోసింది, తలుపు మూసింది, ఓ కట్టె వేసింది. ఇంతసేపూ నా వైపు చూడలేదు.

"జిల్ఫా, వాడికి దగ్గు ఉంది."

"తెలుసు. ఆదివారం చర్చిలో వినిపిస్తూనే ఉంది."

"మళ్ళీ వెళ్తే తిరిగి రాడు."

"ఉల్లిపాయలు ఒలుస్తావా?" అంది.

ఒలిచాను. గడియారం తొమ్మిది కొట్టింది, పది కొట్టింది. ముందుగదిలో ఓరిన్ అరుస్తూ బల్లలు కలుపుతున్నాడు. ఒకసారి వంటింట్లోకి తల పెట్టి నన్ను చూసి, "ఏం, పని నేర్చుకోడానికి వచ్చావా?" అన్నాడు. "నీ పెళ్ళాం నిలబడే నిద్రపోతుంటే పట్టుకోడానికి వచ్చాను" అన్నాను. వాడు తల వెనక్కి తీసుకున్నాడు.

గట్టిగా అడగాలనిపించింది. జుట్టు పట్టుకుని అడగాలనిపించింది. కాని ఆవిడ నడుస్తుంటే కాళ్ళు నేలను ఈడ్చుకుంటున్నాయి. అరిస్తే ఆ మనిషి మరింత మూసుకుపోతుంది. నేను చువ్వ తిప్పుతూ ఉన్నాను. పదకొండు కొట్టింది.

పదకొండున్నరకు ఆవిడ పిండి చేతులతోనే నేలమీద, నా పక్కన చతికిలబడింది.

"నీలం పెంకులున్నాయి," అంది. "పిడికెడు. ఆ పళ్ళాల్లో మీ ఇంట్లో ఎన్నిసార్లు తిన్నాను? చూడగానే తెలిసింది."

తిప్పుతున్న చువ్వ ఆపేశాను. "ఎక్కడున్నాయి?"

"ఈకలతో పాటు పేడకుప్పలో పారేశాను. మంచు పడింది. ఇప్పుడు దొరకవు."

"ఆల్వా నిన్న అడిగాడు కదా."

"అడిగాడు. ఓరిన్ పక్కనే ఉన్నాడు. 'మన కోడే కదా జిల్ఫా' అన్నాడు ఓరిన్. నేను తలూపాను." ఓ కట్టె నిప్పులోకి తోసింది. "అప్పటికే ఊరంతా చెప్పేశాడు. ఆయన ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకున్న మాట ఒక్కటి చూపించు, ఈ ఇరవై రెండేళ్ళలో. పండుగ కానీ, పదహారుమంది తిని వెళ్ళనీ, అప్పుడు చెబుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను లవీనా. పండుగ అయ్యాక కాస్త పడుకుని, లేచి చెబుదామని."

"బండి రెండింటికి."

"ఈ రోజా?" అంది. "శుక్రవారం అనుకున్నానే."

నేను తల అడ్డంగా ఊపాను. స్టేషను మూడున్నర మైళ్ళు. మామూలుగా గంటంపావు నడక, ఈ మంచులో రెండు గంటలకు తగ్గదు. ఓరిన్ గుర్రపుబండి అతిథులను తేవడానికి వెళ్ళింది.

ఆవిడ ఓవెన్ వైపు చూసింది. నిప్పు గూటి వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. మగవాళ్ళకు అర్థం కాదు. మా కొండమీద పండుగ రోజు పుంజు పొయ్యిలో ఉండగా ఏ ఆడదీ గడప దాటదు. ఇల్లు తగలబడితే పుంజును తీసుకుని బయటికొస్తుంది. ఆల్వా వాళ్ళమ్మ పోయిన ఏడు, వాళ్ళావిడ పక్కగదిలో ప్రార్థన జరుగుతుంటే వచ్చి పుంజుమీద కొవ్వు పోసి వెళ్ళింది. ఎవరూ తప్పుపట్టలేదు. ఏడాదంతా పెంచినది, రెండు రోజులు చేసినది ఒక్క గంటలో మాడుతుంది. మాడితే ఆ మాట ఆ ఇంటి ఆడదాని సమాధి దాకా వెంట వస్తుంది.

"నువ్వు ఉండి చూసుకుంటావా? నేను వెళ్ళొస్తాను," అంది.

"నువ్వొక్కదానివీ అంత దూరం నడవలేవు. పడిపోతావు."

అబద్ధం కాదు. నిలబడడానికే గోడ పట్టుకుంది. తర్వాత గరిటె తీసి బల్లమీద పెట్టింది. ఆప్రన్ విప్పలేదు, శాలువా తీసుకోలేదు. తలుపు తీసింది.

సగం దొడ్డి దాటామో లేదో వెనక నుంచి ఓరిన్ గొంతు.

"జిల్ఫా! ఎక్కడికి? పుంజు ఎవరు తిప్పుతారు?"

"నువ్వు తిప్పు."

"నాకేం తెలుసు! మాడిపోతుంది! రెండూ మాడిపోతాయి! వింటున్నావా?"

ఆవిడ ఆగింది. తిరిగి చూడకుండానే, "ఎడమచేత్తో తిప్పు, కుడిచేత్తో కొవ్వు పొయ్యి" అని అరిచి నడక సాగించింది.

ఆ నడక గురించి ఎక్కువ చెప్పను. నా శాలువాలో ఇద్దరం దూరాం. వాగు దగ్గర ఆవిడ బూటు నీళ్ళలో పడింది. మిల్లు దాటాక కూర్చుంటానంది. కూర్చుంటే లేవలేదని తెలిసి చంక కింద చెయ్యి వేసి ఈడ్చాను. "నిద్రొస్తోంది" అంది. "నడుస్తూ పడుకో" అన్నాను. నవ్విందో, మూలిగిందో. బండి కూత వంతెన అవతల వినిపించినప్పుడు ఇంకా చర్చి మలుపు దగ్గరే ఉన్నాం. పరిగెత్తాం. నలభై దాటిన ఇద్దరు ఆడవాళ్ళు తడిసిన గౌన్లతో పరిగెత్తడాన్ని పరుగంటే.

బండి ఆగి ఉంది. లైమన్ ఒక కాలు మెట్టుమీద పెట్టాడు. చేతిలో కాగితంలో చుట్టిన తీపి రొట్టె ముక్క.

"ఆల్వా!"

ఆల్వా తిరిగాడు. నన్ను చూసి విసుక్కోబోయాడు. నా వెనక జిల్ఫాను చూసి ఆగిపోయాడు.

"దొంగతనం లేదు," అంది జిల్ఫా ఊపిరి అందుకుంటూ. "చీకట్లో ఆవిడ మాది పట్టింది, నేను ఆవిడది పట్టాను. నేను కోసినదాంట్లో నీలం పెంకులున్నాయి. పారేశాను."

"నిన్న మీదే అని తలూపావు కదా!"

"నువ్వు నన్ను అడగలేదు ఆల్వా. ఓరిన్ మొహం చూస్తూ అడిగావు."

ఆల్వా మొహం ఎర్రబడింది. "పెంకులు లేవంటున్నావు. లవీనా మూడు గంటలు నీ కాళ్ళు పట్టుకుని ఏడ్చి ఉంటుంది, నువ్వు జాలిపడ్డావు. జడ్జి అదే అంటాడు. నేనేం చూసి నమ్మను?"

అప్పుడు వాడి కళ్ళు ఆవిడ ఆప్రన్ మీద పడ్డాయి. పిండి, కొవ్వు, సేజ్ ఆకు తునకలు. మోచేతుల దాకా ఎండిపోయిన రొట్టె ముద్ద.

"పుంజు?" అన్నాడు మెల్లగా.

"పొయ్యిలో ఒకటి. నిప్పు ముందు ఒకటి."

"ఎవరు చూస్తున్నారు?"

"ఎవరూ చూడట్లేదు."

"ఓరిన్ పదహారుమందిని పిలిచాడు కదా?"

"పిలిచాడు."

గార్డు జెండా పట్టుకుని, "ఎక్కుతారా, ఎక్కరా?" అని కేక వేశాడు. ఆల్వా వినిపించుకోలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రెండు పుంజులు వదిలేసి వచ్చావు," అన్నాడు. "జిల్ఫా, మా ఆవిడ నా చావుకైనా అలా రాదు."

లైమన్ చెయ్యి పట్టుకుని మెట్టుమీద నుంచి కిందికి లాగాడు. "వెళ్ళు. జడ్జికి నేను రాసుకుంటాను. ఓరిన్‌తో కూడా నేనే మాట్లాడతాను." మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు, "ఆ తీపి రొట్టె నువ్వే తిను, మా ఆవిడ వెనక్కి తీసుకోదు" అన్నాడు.

బండి వెళ్ళిపోయింది. లైమన్ ముక్కను మూడుగా విరిచాడు. ప్లాట్‌ఫారం బల్లమీద కూర్చుని ముగ్గురం తిన్నాం. పొద్దుట్నుంచి నాకూ ఆవిడకూ అదే మొదటి ముద్ద.

"ఇంటికి వెళ్తావా?" అన్నాను.

"ఇప్పుడే కాదు," అంది.

మేం చేరేసరికి మా ఇంట్లో మరుదులు, తోడికోడళ్ళు, పిల్లలు తొమ్మిదిమందీ చల్లారిన పొయ్యి చుట్టూ కోట్లు కూడా విప్పకుండా కూర్చుని ఉన్నారు. ఒక్కరూ కట్టె వెయ్యలేదు.

"వదినా, నాలుగు దాటింది! పుంజు ఏది?" అన్నాడు పెద్ద మరిది.

"లేదు."

"లేదంటే?"

"లేదంటే లేదు. నేలమాళిగలో బంగాళాదుంపలున్నాయి, ఉప్పు పంది మాంసం ఉంది. నీకు రెండు చేతులున్నాయి."

పాతికేళ్ళలో వాడితో అలా మాట్లాడలేదు. వాడు నోరు తెరిచి, లైమన్ను చూసి, జిల్ఫాను చూసి, లేచి నేలమాళిగలోకి వెళ్ళాడు. పొయ్యి లైమన్ అంటించాడు. జిల్ఫాను గోడవారగా బల్లమీద కూర్చోబెట్టాను. బూట్లు లాగేసరికే నిద్రపోయింది. మెడ పక్కకు వాలిపోయి, నోరు తెరిచి, పిల్లలు చుట్టూ అరుస్తున్నా కదలకుండా పడుకుంది.

బంగాళాదుంపలు ఉడికేసరికి వెలుతురు పోతోంది. తలుపు చప్పుడైంది.

ఓరిన్. చేతుల్లో పెద్ద ఇనప పళ్ళెం, దాంట్లో పుంజు. ఒకవైపు బొగ్గు, ఇంకోవైపు బంగారంలా ఉంది. వాడి కనుబొమలు సగం కాలిపోయాయి. ఎడమ అరచేతికి గుడ్డ కట్టుకున్నాడు. ఆల్వా వచ్చి మాట్లాడి వెళ్ళాడని మొహమే చెబుతోంది.

"ఇది మీది," అన్నాడు. "చిన్నది. ఇంకోటి పనికిరాకుండా పోయింది. అతిథులు కూరగాయలు తిని వెళ్ళారు." లైమన్ వైపు తిరిగాడు. "నువ్వు... దగ్గుకు మా దగ్గర మందుంది. పంపిస్తాను."

లైమన్ తలూపాడు.

"జిల్ఫా ఏది?"

బల్లవైపు చూపించాను. వాడు రెండడుగులు వేసి, ఆగి, తడిసిన ఆమె మేజోళ్ళను చూశాడు. పేరు పెట్టి పిలవడానికి నోరు తెరిచాడు.

"లేపకు," అన్నాను. "పళ్ళెం బల్లమీద పెట్టు. తలుపు వెయ్యి, చలి వస్తోంది."

వాడు పళ్ళెం పెట్టాడు. తలుపు వేశాడు.